పుట్టింటి చీర, పుట్టింటి నెత్తురు

మా మేనత్త పోయిన బుధవారం గుడియాత్తంలో కన్నుమూసింది. మూత్రపిండాల క్యాన్సర్. దుఃఖం ఆరకముందే ఇది రాయడానికి కారణం ఒకటే. కర్మ అయ్యేదాకా చుట్టాలందరూ ఒకచోట ఉంటారు. ఆ తర్వాత తిరుపత్తూరు వాళ్ళు తిరుపత్తూరికి, ఒడుగత్తూరు వాళ్ళు ఒడుగత్తూరికి వెళ్ళిపోతారు. ఈ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తరు. మనలో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. చదవగలిగినవాళ్ళు పక్కవాళ్ళకు చదివి వినిపించండి.

అత్త మా నాయనకు అక్క. పెళ్ళయి వెళ్ళినప్పటినుంచీ అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పేర్చే పని చేసింది. ఆ పని వల్లనో ఏమో, మూసి ఉన్నది ఏది చేతికొచ్చినా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. మాత్రల డబ్బా అయినా అంతే, నా జామెట్రీ బాక్సు అయినా అంతే. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే మొదలు. పదో తరగతి అయ్యాక నన్నూ కంపెనీకి పంపుదామని నాయన అన్నప్పుడు ఆమె అడ్డం పడింది.

"దీని వేళ్ళకు ఆ మందు వాసన అంటనీను తమ్ముడూ. మనిషి కావల్లంటే నువ్వు రా, నీకు పని ఇప్పిస్తా."

నాయన నవ్వేసి ఊరుకున్నాడు. నేను కాలేజీకి వెళ్ళాను. సెలవుల్లో వాళ్ళింటికి పోతే గడపలోనే ఎగతాళి మొదలయ్యేది. "ఏం కోడలా, ఆకలి తెలుగులో అయితాందా, ఇంగ్లీషులో అయితాందా?"

మూత్రంలో రక్తం పడుతోందని మొదట నాతోనే చెప్పింది. వేలూరులో ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ తమిళంలో అడిగింది, మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందా అని. అత్త బాగా ఆలోచించి తన అత్తమామలను, మరుదులను, ఆడబిడ్డలను ఒక్కొక్కరినే తలుచుకుని, ఎవరికీ లేదని చెప్పింది. మనలో పెళ్ళయిన ఆడదానికి కుటుంబమంటే మెట్టినిల్లే. మూత్రంలో రక్తం పడి పోయిన తన తండ్రినీ, మెదడులో గడ్డతో పోయిన తన అన్న, మా పెద్దనాయననూ ఆమె ఆ లెక్కలో చేర్చలేదు. వాళ్ళు ఎలా పోయారో అప్పటికి నాకూ తెలియదు.

ఒక మూత్రపిండం తీసేశారు. కొంతకాలం బాగుంది. మళ్ళీ కంపెనీకి పోయింది. ఆ తర్వాత రెండోదాంట్లోనూ గడ్డలు కనిపించాయి, ఊపిరితిత్తుల్లోకీ పాకింది. డాక్టరమ్మ ఈసారి పుట్టింటి గురించి అడిగింది. అత్త చెప్పింది. డాక్టరమ్మ రాయడం ఆపేసి ఆమె ముఖంలోకి చూసింది. రక్తపరీక్ష చేయించింది.

ఆ ఫలితం వచ్చినరోజు డాక్టరమ్మ చెప్పినదాన్ని నాకు అర్థమైనంతలో రాస్తాను. కణితి పుట్టకుండా అణిచిపెట్టే జన్యువులు కొన్ని మన ఒంట్లో ఉంటాయి. ప్రతి కణంలోనూ అలాంటి జన్యువు జతగా ఉంటుంది, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. మా వంశంలో కొందరికి అందులో ఒకటి పుట్టుకతోనే చెడిపోయి ఉంది. రెండోదీ ఏదో ఒక కణంలో చెడితే అక్కడ గడ్డ మొదలవుతుంది.

"అంటే మాకు కావలోడు ఒకడే," అంది అత్త. "వాడూ తాగి పండుకుంటే కత ముగిసె. అంతేనా డాక్టరమ్మా?"

"అంతేనమ్మా."

"కోసి పారేసినారు గదా, ఊపిరితిత్తుల్లోకి యాడినుంచి వచ్చె?"

గడ్డలోని కణాలన్నీ ఒకే రకం కావనీ, మళ్ళీ గడ్డను మొలిపించగల మూలకణాలు కొన్ని ఉంటాయని అనుకుంటున్నారనీ, మందుకు చావకుండా అవి కదలక మెదలక దాక్కుంటాయనీ డాక్టరమ్మ చెప్పింది. వాటి గురించి తామూ ఇంకా నేర్చుకుంటున్నామంది.

"గరిక మాదిరి," అంది అత్త. "శెనక్కాయ చేన్లో ఎంత పీకినా కణుపొకటి మిగిలితే సాలు."

ముందే తెలిసి ఉంటే ఏం చేసేవాళ్ళని నేనడిగాను. ఏటేటా స్కాన్ చేసి, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే తీసేవాళ్ళమని డాక్టరమ్మ చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు పళ్ళికొండ దాటాక అత్త కిటికీవైపే చూస్తూ అంది, "పెండ్లి చేసి పంపించేస్తే అది వేరే ఇల్లు, ఇది వేరే ఇల్లు అనుకుంటి. నెత్తురు నాతోనే వచ్చేసుండాది పాపా."

ఆ వారమే ఆయాసపడుతూ మా ఇంటికి వచ్చింది. నాయనను పరీక్షకు రమ్మంది.

"అక్కా, ఆ జబ్బు మీ ఇంటిది. మా ఇంటికి అంటగట్టొద్దు. పిల్లకు ఇంకా పెండ్లి కావల్ల."

"పెండ్లికి పిల్ల బతికుండల్ల గదరా!"

నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అత్త నేను ఇచ్చిన కాఫీ తాగకుండానే పోయింది. తోబుట్టువులు మాట్లాడుకోవడం అదే ఆఖరు.

నేను పోయి రక్తం ఇచ్చాను. ఆ లోపం నాకూ ఉంది. ఎడమ మూత్రపిండంలో చిన్న గడ్డ కనిపించింది. ఇప్పుడే కోయనక్కర్లేదు, వదలకుండా చూసుకుంటూ ఉండాలన్నారు. అత్తతో చెబితే ఏమీ కాదులే అనలేదు. నా చెయ్యి పట్టుకుని, "నేను లేకున్నా పో. ఒక్క తూరి కూడా మానొద్దు," అంది. నాలో ఉందంటే అది నాయన ద్వారానే రావాలి. ఆయన చొక్కా చెయ్యి మడవకుండానే ఆయన ఫలితం తెలిసిపోయింది. ఇంతవరకూ స్కాన్‌కు రాలేదు.

బుధవారంనాడు అత్తను ఎత్తడానికి అంతా సిద్ధం చేసి, మా నాయనకోసం ఆగారు. పుట్టింటి చీర కప్పనిదే ఎత్తకూడదు. "పుట్టినింటోళ్ళు రాకుండా ఎట్ల ఎత్తేది?" అని మెట్టినింటివాళ్ళే అన్నారు. నాయన కొత్త చీర తెచ్చాడు. తనే కప్పి, పాదాలదాకా సర్ది, "మా ఇంటి బిడ్డ, మా ఇంటి బిడ్డ" అని తల బాదుకుని ఏడ్చాడు. అక్కడ ఒక్కరూ ఆ మాట కాదనలేదు.

ఆమె మన ఇంటి బిడ్డే అయితే ఆమె జబ్బు కూడా మన ఇంటిదే. తిరుపత్తూరులోని పెద్దనాయన పిల్లలు, అత్త కొడుకు, మా అన్న, మా నాయన పరీక్ష చేయించుకోవాలి. అందరం కలిసి వస్తే ఒకేరోజు చూస్తామని డాక్టరమ్మ మాటిచ్చింది. పెళ్ళి సంబంధాల గురించి భయపడేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. నన్ను చూడడానికి వచ్చేవాళ్ళతో ఈ మాట ముందే చెబుతాను.

ఇప్పుడు నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అన్న కూతురు ఆయన ఒడిలో నిద్రపోతోంది, ఆయన చూపుడువేలు పట్టుకుని. ఈ కాగితం మొదట ఆయనకే చదివి వినిపిస్తాను. మీరందరూ వస్తారో రారో వచ్చే నెల పదో తేదీలోపల నాకు చెప్పండి. రానివాళ్ళు కూడా రామని చెప్పండి.