మా అమ్మ నోట పలికే పేరు కోసం ఖేడ్ దాకా

మా తమ్ముడికి ఆడపిల్ల పుట్టిందని తెలిసిన రోజు నుంచే నేను పేరు వేటలో పడ్డాను. మా వైపు బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగలో చెవిలో పేరు చెప్పేది మేనత్త. అది నా హక్కు, హక్కులు వదులుకునే రకాన్ని నేను కాదు. మా మరదలు సునీత ఫోన్‌లో ఒక్కటే కోరింది. పేరు వినగానే పురాణం గుర్తుకు రావాలి, నెట్‌లో దొరికే అర్థం పర్థం లేని పేర్లు వద్దు అంది. నేనూ ఒక షరతు పెట్టుకున్నాను, కానీ ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు మా అమ్మ నోట పలకాలి.

ఇది కాస్త విడమరిచి చెప్పాలి. మా అమ్మ పాతకాలపు కోడలు. అత్తమామల పేర్లూ, మొగుడి పేరూ నోటితో అనదు. మా నాయనమ్మ సత్తెమ్మ, తాత భీమయ్య, నాన్న నారాయణ. అంటే పురాణాల్లో సగం అమ్మకు నిషేధం అన్నమాట. భీముడి కథ చెప్పాల్సి వస్తే ‘గద పట్టుకున్నాయన’ అంటుంది. సత్యనారాయణ వ్రతంలో అత్తా, మొగుడూ ఇద్దరూ ఉన్నారు కాబట్టి అది ‘రవ్వ ప్రసాదం వ్రతం’ అయింది. నారాయణఖేడ్‌ను ఊళ్లో అందరూ ఖేడ్ అనే అంటారు, ఆ ఒక్క చోట బతికిపోయింది. నాకేమో నాయనమ్మ పేరు కలిసేలా సత్యవతి అని పెట్టారు. బడిలో పంతుళ్లు పిలిచారు, ఆఫీసులో అందరూ పిలుస్తారు, కన్నతల్లి మాత్రం ఒక్కసారి కూడా పిలవలేదు. ‘ఓ బిడ్డా’, ‘ఓ పొల్లా’, అంతే. నలభై దాటినా ఆ కోపం నాకు పోలేదు. సునీత దవాఖానలో నర్సు, ఆమె డ్యూటీకి వెళ్తే పాపను చూసుకునేది అమ్మే. నా మేనకోడలికి నా గతి పట్టకూడదని గట్టిగా అనుకున్నాను.

శనివారం పొద్దున ఆరున్నరకు పటాన్‌చెరులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. సీటు మాత్రం మోచేతుల బలం మీద దొరుకుతుంది, నాకు దొరికింది. సంగారెడ్డి, జోగిపేట దాటి నిజాంపేట దగ్గర హైవే వదిలితే ఖేడ్ దగ్గరపడినట్టే. అక్కడి నుంచి రెండు వైపులా కంది చేలు పసుపు పూతతో నిండుగా ఉన్నాయి. దారి పొడవునా పేర్లు తూకం వేశాను. శర్మిష్ఠ అందామంటే యువరాణి అయ్యుండీ దాసీగా బతికింది. దమయంతిని మొగుడు అడవిలో వదిలేసి పోయాడు. శకుంతలనైతే మరిచేపోయాడు. పేర్లు ఎంత బాగుంటాయో రాతలు అంత అన్యాయం. చివరికి చిత్రాంగద దగ్గర ఆగాను. విల్లు పట్టింది, రాజ్యం చూసుకుంది, మొగుడు అర్జునుడైనా సరే పుట్టిల్లు వదలలేదు. పైగా మా అమ్మ నిషేధాల జోలికి రాదు. ఇగ తిరుగులేదనుకుని ఖేడ్ డిపోలో దిగాను.

డిపో బయట ముప్పై రూపాయలకు వేడి వేడి ఇడ్లీ తిని, నాగల్‌గిద్ద వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. తమ్ముడి ఇల్లు ఆ రోడ్డు మీదే, మనిషికి ఇరవై. ఆటో నిండితే గానీ కదలదు, కాబట్టి తొందర పడి లాభం లేదు. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు తెలుగు మాటల్లో కన్నడం కలిపి కందుల ధర మాట్లాడుకుంటున్నారు. నా చేతిలో గిలక్కాయలు చూసి డ్రైవర్ సంగతి అడిగాడు. మేనకోడలి తొట్టెలకని చెప్పాను.

“మేం గూడ మా పొల్లకు మంచి పురాణం పేరే పెట్టినం అక్కా” అన్నాడు. “ఇంట్ల ఒక్కలు పిలువరు. చిన్ని అంటరు. గా పేరు ఆధార్ కార్డుల్నే ఉన్నది.”

అతను నవ్వుతూనే చెప్పాడు గానీ, నేను చిత్రాంగద అని ఇంకోసారి లోలోపల పలికి చూసుకున్నాను.

ఇంట్లో అడుగుపెట్టేసరికి తమ్ముడు రమేష్ నా కోసమే కాచుకుని ఉన్నాడు. చిత్రాంగద అనగానే తల అడ్డంగా ఊపాడు. నాన్న పోయి ఏడాది కాలేదు, పిల్లకు నారాయణి అని పెట్టాల్సిందే అన్నాడు. అది అమ్మవారి పేరే కదా, ఇంతకన్నా పురాణం ఏముందని ఎదురడిగాడు. పురాణం సంగతి ఒప్పుకున్నాను. మరి అమ్మ ఆ పిల్లను ఏమని పిలుస్తుందిరా, నన్ను పిలిచినట్టేనా అని నేను గొంతు పెంచాను. వాడూ పెంచాడు. వంటింట్లో అమ్మ పోలెలు, అంటే బొబ్బట్లు, కాలుస్తోంది. మా మాటలు ప్రతి ఒక్కటీ వింటోందని నాకు తెలుసు. చివరికి సునీతే, “హక్కు నీది వదినె, నువ్వేది చెప్తె గదే” అని తగవు తెంచింది. రమేష్ మొహం ముడుచుకుని కుర్చీలు వేయడానికి వెళ్లిపోయాడు. గెలిచాను గానీ, పోలె నోట్లో పెట్టుకుంటే తీపి తెలియలేదు.

మధ్యాహ్నం తొట్టెలు కట్టారు. ముందుగా పసుపు రాసిన రుబ్బురోలు పొత్రాన్ని బట్టలో చుట్టి తొట్టెల కింద నుంచి పైకి తిప్పారు, ఆ తర్వాత పాపను పడుకోబెట్టారు. మా వైపు ఇంకో పద్ధతి ఉంది. మేనత్త చెవిలో పేరు చెప్తుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె వీపు మీద గుద్దుతారు. సరదాకే అంటారు, నమ్మకండి. అందరూ పిడికిళ్లు బిగించి నా వెనక చేరారు. నేను వంగి పాప చెవి దగ్గర నోరు పెట్టాను.

“ఆగు సత్యవతీ.”

ఎవరు పిలిచారో ముందు అర్థం కాలేదు. తల ఎత్తితే అమ్మ. చేతులకు ఇంకా పిండి ఉంది.

“మీ నాయిన పేరే పెట్టు” అంది.

“నువ్వు పిలువవు గద అమ్మా.”

“పిలుస్త. ఆయన ఉన్నన్ని దినాలు మర్యాదకని నోట్లనే దాసుకున్న. ఆయన పోయినంక ఈ ఇంట్ల గా పేరు ఎవ్వలు అంటలేరు. నేను గూడ అనకుంటె ఎట్ల?”

ఆ మాటంటూనే తొట్టెల మీదికి వంగి, వాకిట్లో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా పిలిచింది. “నారాయణీ!”

కుర్చీలు వేస్తున్న రమేష్ అక్కడే నిలబడి ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, నవ్వాను కూడా. ఎందుకంటే మేనత్త చెప్పాల్సిన రహస్యాన్ని నానమ్మ ముందే ఊరంతా చాటేసింది. అయినా నా హక్కు నేను వదల్లేదు. మళ్లీ వంగి మూడుసార్లు చెవిలో చెప్పాను, వీపు మీద దరువు పడింది. అందులో గట్టి దెబ్బ ఎవరిదో తెలుసు, జాకెట్ మీద పిండి మరక తేలింది.

పురాణం పేరు కోసం నేను పుస్తకాలు తిరగేశాను, నెట్ గాలించాను, పాత్రల తలరాతలు తూచాను. ఏ పేరైనా నిలిచేది దాన్ని రోజూ పిలిచే మనిషి వల్లే అని ఖేడ్‌లో తెలిసింది. చిత్రాంగద ఓడిపోయింది, నేను మాత్రం గెలిచే వచ్చాను. నా మేనకోడలికి పేరు దొరికింది, నాకు నాది దొరికింది. మీరూ తొట్టెలకు ఇటు వచ్చేట్టయితే అదే రోజు తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. సాయంత్రం బస్సుల్లో నిలబడటానికి కూడా చోటుండదు. రాత్రి ఉండి పొద్దున తొలి ఎక్స్‌ప్రెస్ పట్టుకోండి, కిటికీ సీటు దొరుకుతుంది. నేనూ ఆ బస్సుకే వచ్చాను. తెల్లారుజామున మంచం పక్కన అమ్మ గొంతు వినబడింది, “సత్యవతీ, లే. బస్సు పోతది.” అప్పటికే మెలకువగా ఉన్నాను. ఇంకోసారి పిలుస్తుందని కళ్లు మూసుకుని అలాగే పడుకున్నాను.