కార్లీన్ క్యాంపర్ తగిలించిన రోజు

మా అన్న హార్లన్ ప్రూట్‌కి నోటికంటే ముందు చెయ్యి లేచేది. లారమీ ఊరి బయట, రైలు పట్టాల పక్కన వాడి షెడ్డు. పికప్ బండ్లు ట్రైలర్లనీ, క్యాంపర్లనే చక్రాల ఇళ్ళనీ లాగడానికి కావలసిన సరంజామా బిగించడం వాడి పని. నేను నెల్డాని, షెడ్డులో కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని. పెద్దవాణ్ణి పట్టుకుని వాడు, వీడు అంటున్నానని మీరేం కంగారు పడకండి. ఆ హక్కు ఊరు మొత్తం మీద నా ఒక్కదానికే ఉంది.

వాడి దెబ్బలకు తాళలేకే మా వదిన ఇల్లు వదిలి పోయింది. ఆ ఇంట్లో పెరిగిన వాడి కూతురు కార్లీన్, మగాడంటే అలాగే ఉంటాడు కాబోలనుకుని డ్వెయిన్‌ని చేసుకుంది. ఈ మాట మా అన్న మొహం మీదే అన్నాను. కాఫీ కప్పు నా చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు తగిలి ముక్కలైంది.

షెడ్డులో వాడికి ఒకే నియమం. ట్రైలర్ తగిలిస్తున్న మనిషిని ఎవరూ పలకరించకూడదు. మధ్యలో చెయ్యి ఆగితే అంతా విప్పి మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సిందే. మా దేశంలో చాలామంది పాటించే పద్ధతే ఇది, కానీ వాడికి అది ఊరికే పట్టుకోలేదు. ఒకప్పుడు గుర్రాల ట్రైలర్ తగిలిస్తూ, సగంలో వదిలేసి ఎవడితోనో కలబడ్డాడు. గెలిచి వచ్చి, గొళ్ళెం ఊడకుండా పట్టే పిన్ను పెట్టేశాననుకుని బండి పంపేశాడు. ట్రైలర్ ఊడి లోయలోకి దొర్లింది. కాళ్ళు విరిగి అరుస్తున్న ఆడగుర్రాన్ని వాడే తుపాకీతో కాల్చాల్సి వచ్చింది.

కార్లీన్ మొగుడి దగ్గర్నుంచి రెండుసార్లు పారిపోయి వచ్చింది. రెండుసార్లూ డ్వెయిన్ వెంటబడి వచ్చాడు, హార్లన్ వాణ్ణి నెత్తురు కక్కేలా కొట్టాడు. రెండుసార్లూ ఆ పిచ్చిది మధ్యలో పడి, మొగుడి మూతి తుడిచి, వాడి వెంటే వెళ్ళిపోయింది. నా ఒళ్ళు మండిపోయింది. "నువ్వు కొట్టిన ప్రతిసారీ దాన్ని వాడికి అప్పజెబుతున్నావురా!" అని అరిచాను. ఈసారి కప్పు విసరలేదు. తల వంచుకుని కూర్చున్నాడు.

మూడోసారి పిల్ల పగిలిన పెదవితో, మూడేళ్ళ టెస్సాని చంకనేసుకుని వచ్చింది. పక్క రాష్ట్రం ఐడహోలో స్నేహితురాలి దగ్గర పని దొరికిందట. ఉండటానికి ఇల్లు లేదు. హార్లన్ ఒక పాత క్యాంపర్ సంపాదించి, కూతురి పికప్‌ని సిద్ధం చేసే పనిలో పడ్డాడు. వెనక చట్రానికి, ట్రైలర్ తగిలించే ఇనప గుండు ఉన్న హిచ్ బిగించాడు. స్ప్రింగులు గట్టివి వేశాడు. ట్రైలర్ బ్రేకులు డ్రైవర్ చేతికి అందేలా పెట్టెను అమర్చాడు. దారిలో ఎల్క్ మౌంటెన్ దగ్గర గాలికి పెద్ద లారీలే పక్కకు పడిపోతాయి. అక్కడ క్యాంపర్ ఊగడం మొదలుపెట్టిందంటే పికప్‌ని కూడా ఈడ్చుకుపోతుంది. అందుకని ఊగకుండా పట్టే ఉక్కు కడ్డీలు కూడా పెట్టాడు.

బయల్దేరే రోజు పొద్దున్నే కార్లీన్ పికప్‌ని వెనక్కి నడిపి క్యాంపర్ దాకా తెచ్చింది. క్యాంపర్ మూతి సరిగ్గా హిచ్ గుండు మీదకి వచ్చింది. హార్లన్ మోకాళ్ళ మీద కూర్చుని జాకీ తిప్పుతుండగా డ్వెయిన్ బండి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. చేతిలో గొడ్డలి కర్ర. నేరుగా కార్లీన్ తలుపు దగ్గరికి పోయాడు.

"దిగవే! దిగుతావా, ఈడ్చమంటావా?" అద్దం మీద ఒక్కటి వేశాడు. అద్దం నెర్రెలిచ్చింది. లోపల టెస్సా కెవ్వుమంది.

హార్లన్ తల తిప్పలేదు. "ఒరేయ్, ఆడపిల్ల అద్దాల మీదట్రా నీ మగతనం? ఇదిగో నా వీపు. దమ్ముంటే ఇటు రా."

వచ్చాడు. మొదటి దెబ్బ భుజాల మధ్య పడింది. జాకీ ఆగలేదు. క్యాంపర్ మూతి గుండు మీద కూర్చుంది. గొళ్ళెం పడింది. రెండో దెబ్బకి పక్కటెముక పుటుక్కుమనడం నాకు వినబడింది. మా అన్న పిన్ను దూర్చాడు.

"లేరా ముసలోడా! ఏమైంది నీ చెయ్యి?" అని తన్నాడు డ్వెయిన్. బూటు ముక్కు వెళ్ళి మా అన్న చెవిలో దిగింది.

నేను షెరీఫ్‌కి ఫోన్ చేసి, చేతికందిన పానా తీసుకుని పరుగెత్తాను. డ్వెయిన్ మోచేత్తో ఒక్కటిచ్చాడు. గోడకు కొట్టుకుని కింద పడ్డాను. నోట్లో పన్ను ఊడింది. అప్పుడు కార్లీన్ తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"దిగకు తల్లీ!" అన్నాడు హార్లన్. ట్రైలర్ ఊడినా పట్టి ఉంచే గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి వేస్తున్నాడు. వేళ్ళ మీద కర్ర పడింది. రెండు వేళ్ళు వంకర తిరిగాయి. మిగతా వేళ్ళతో కొక్కెం తగిలించాడు. "నేనేం వాణ్ణి కొట్టట్లేదు, చూడు. దిగకు."

ఉక్కు కడ్డీలు రెండూ బిగించాడు. లైట్ల ప్లగ్గు పెట్టాడు. చక్రాల కింది చెక్కలు కాలితో తన్నాడు. మొహమంతా నెత్తురు. క్యాంపర్ వెనక్కి పాక్కుంటూ పోయి అరిచాడు: "ఎడమ లైటు!"

లైటు వెలిగింది. కార్లీన్ ఏడుస్తోంది, కానీ చెయ్యి పని చేస్తోంది.

"కుడి! ఆఁ... బ్రేకు! సరే పో, తల్లీ, పో!"

బండి కదిలింది. గేటు దాటింది. డ్వెయిన్ కర్ర పడేసి తన బండి వైపు పరుగెత్తాడు. అప్పుడు లేచాడు మా అన్న. కడ్డీలు ఎత్తే ఇనప గొట్టం చేతిలో ఉంది. ఒక్క దెబ్బ, మోకాలి చిప్ప మీద. డ్వెయిన్ పెట్టిన కేక పట్టాల అవతలి దాకా వినబడి ఉంటుంది. మళ్ళీ ఎత్తాడు, ఈసారి తల మీదకి. "చాల్రా! చాలు!" అని నేను మెడ పట్టుకుని వేలాడాను. గొట్టం వదిలేసి, నా మీదే కూలిపోయాడు.

సాయంత్రం ఆసుపత్రిలో, తలుపు బయట షెరీఫ్ మనిషి కాపలా ఉండగా, కార్లీన్ ఫోన్ చేసింది. మా అన్న ఒక చేతికి కట్టు, ఇంకో చేతికి సెలైను. ఫోన్ నేనే చెవి దగ్గర పట్టుకున్నాను.

"నాన్నా, అతన్ని కొట్టావా?"

హార్లన్ కళ్ళు మూసుకున్నాడు. "కొట్టానమ్మా. నువ్వు వెళ్ళాక. మోకాలు విరిగింది."

మళ్ళీ మొగుడి కోసం వెనక్కి వస్తుందా, దేవుడా, అనుకున్నాను.

"ఎల్క్ మౌంటెన్ దగ్గర గాలి మామూలుగా లేదు నాన్నా," అంది కార్లీన్. "మా ముందే ఒక లారీ పడిపోయింది. మన క్యాంపర్ మాత్రం ఊగనే లేదు. టెస్సా దారంతా నిద్రపోయింది. రేపటికల్లా ఐడహో చేరిపోతాం."

మా అన్న విరిగిన పక్కటెముకల నొప్పికి మెలికలు తిరుగుతూనే, వెక్కి వెక్కి ఏడ్చాడు.