డాబా మీద పదకొండు సార్లు

లాక్‌డౌన్ వచ్చేనాటికి నా పెద్దపేగు జబ్బుకు ఎనిమిదేళ్లు. పేగు లోపల పుండ్లు. తగ్గినట్టే తగ్గి మళ్లీ రేగేవి. ఈ సంగతి మా ఆయనకూ డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు. అత్తమ్మకు గ్యాస్ అని చెప్పాను. గ్యాస్ అంటే మన దగ్గర ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అంత గౌరవమైన జబ్బు అది.

నేను టీచర్ని. పొద్దంతా బడిలో ఉన్నన్నాళ్లూ దాచడం సులువే. బడులు మూశాక సుబేదారిలోని మా రెండు గదుల ఇంట్లో రాత్రీపగలూ నలుగురం, బాత్రూమ్ ఒకటే. అన్నం మధ్యలో లేచి పరుగెత్తడం, లోపల నల్లా గట్టిగా తిప్పడం, బయటికొచ్చి మొహం కడుక్కున్నట్టు తుడుచుకోవడం. ఆ ఎండాకాలం వరంగల్‌లో నాకంటే శుభ్రమైన మొహం ఇంకొకటి ఉండి ఉండదు.

పైగా నేను వేసుకునే మాత్రలు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. కరోనా వస్తే బతుకుతానా అని భయం. భయపడితే కడుపు రేగేది, కడుపు రేగితే భయం పెరిగేది. ఏడవాలన్నా బాత్రూమే దిక్కు. అక్కడా రెండు నిమిషాలు కాకముందే మామయ్య తలుపు కొట్టేవారు.

దవాఖానలో ఓపీ ఆపేసి, డాక్టరు ఫోన్‌లోనే మాట్లాడుతున్నారు. ఇంట్లో మాట్లాడలేను కదా, సాయంత్రం డాబా ఎక్కాను. సిగ్నల్ సరిగా లేదు.

"రోజుకు ఎన్నిసార్లు పోతానవమ్మా? జర గట్టిగ చెప్పు."

"పదకొండు సార్లు సార్. రక్తం గూడ పడ్తాంది."

"టెన్షన్ ఏమన్న ఉన్నదా?"

"అస్సల్లేదు సార్," అని ఇంకా గట్టిగా అరిచాను.

రోడ్డు మీద ఒక్క బండి కూడా తిరగడం లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చుట్టూ డాబాల మీద చల్లగాలికి చేరిన వాళ్లంతా నావైపే చూస్తున్నారు. నేను మెట్లు దిగేలోపే పక్కింటావిడ అత్తమ్మకు ఫోన్ చేసేసింది. కరోనా కూడా అంత వేగంగా పాకలేదు.

అత్తమ్మ మెట్ల దగ్గరే నిలబడి ఉంది. ఇక వంటింట్లోకి రానివ్వదనుకున్నాను. ఎదురు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆ విషయంలో నేనేం తక్కువ తినలేదు.

"గ్యాసనేది సాకు, ఎనిమిదేండ్ల సంది నా కూర నచ్చక లేస్తానవనుకున్న," అంది. "కారం తగ్గించి చూసిన. నూనె తగ్గించి చూసిన. అయినా లేస్తనే ఉంటివి. చెప్తే మింగుతనా బిడ్డా?"

సిద్ధం చేసుకున్న మాట ఒక్కటీ పనికిరాలేదు. నా పరువే కాపాడుకుంటున్నాననుకున్నాను కానీ, రోజూ ఆమె వంటను అవమానిస్తున్నానని తట్టనే లేదు. ఇన్నేళ్లు పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను. ఈసారి తలుపు కొట్టేవాళ్లు లేరు. అత్తమ్మ పక్కన కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మర్నాడు పప్పన్నం సగంలో లేచాను. అలవాటు కొద్దీ, "మొహం కడుక్కొస్త," అన్నాను.

"ఆ కడుగుడేందో అందరికెరికే గని, పో," అంది అత్తమ్మ. బాత్రూమ్ వైపు బయల్దేరిన మామయ్యను చెయ్యి పట్టి ఆపింది.

తిరిగొచ్చేసరికి నా కంచం మీద మూత పెట్టి ఉంది. తను తినకుండా ఆగింది. మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఇక దాచదలచుకోలేదు.

"పప్పుల ఉప్పెక్కువైంది అత్తమ్మా."

"జర మెల్లగ చెప్పు," అంది. "డాబాల మీద జనముంటరు."