వదిన పెళ్లి చీర

బొంబాయి కామాటిపురలో మా తెలుగువాళ్ల నాటక మండలి ఏటా ఆడే కుటుంబ నాటకంలో తల్లి వేషం ఎప్పుడూ బాలయ్యన్నదే. ఆడవేషం కట్టేవాడు ఇంటి నుంచి భార్య చీర తెచ్చుకోవడం మా ఆనవాయితీ. పోయిన నెల అన్న పరంజా మీంచి పడి చనిపోయాడు. వేషం నాకిచ్చారు. నాకింకా పెళ్లి కాలేదు. అందుకని ఇవాళ పొద్దున వదిన ఉండే ఒంటిగది ఖోలీకి వెళ్లి, అన్న కట్టే ఎర్ర చీరే అడిగాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

వదిన పెట్టె తెరిచి ఆ ఎర్ర చీర తీసింది. అది తన పెళ్లి చీర. దానిమీద గాజులు, కుంకుమ భరిణె పెట్టింది.

"గాజులు మండలివి ఉన్నయ్ వదినె," అన్నాను.

"ఇవి గూడ తీస్కపో. నేను ముట్టొద్దని పదోదినం మీరే చెప్తిరి గద. నేను కట్టుకుంటె పాపం, నువ్వు మీసం గీసుకోని కట్టుకుంటె చప్పట్లు గొడ్తరా?"

ఆ పదో రోజున నేనూ అక్కడే ఉన్నాను. అన్నీ మూటగట్టుకుని వచ్చేశాను.

సాయంత్రం తాలీంలో, అంటే రిహార్సల్లో, ఆ చీర కట్టుకుని, కోడలిని నూరేళ్లు పసుపు కుంకుమలతో ఉండమని దీవించే పాట ఎత్తుకున్నాను. పసుపు కుంకుమల మాట దగ్గర ఆపేశాను. కొత్త గదా, భయమని అందరూ నవ్వారు.

ఆదివారం ఆట. శుభమైన పాట ఉంది కాబట్టి వదినను ముందు వరసలో కూర్చోవద్దన్నారు పెద్దలు. ఆమె చీరకు మాత్రం అభ్యంతరం లేదట.

వదిన అడిగినదానికి మీలో ఎవరి దగ్గరైనా జవాబుంటే చెప్పండి.