గాడిదకు గొంతిచ్చింది నేను

ఆ వీడియోలో గాడిద గొంతు నాది. ఫ్లెక్సీలు డిజైన్ చేసే నా మిత్రుడిది కాదు. ఈ రెండు ముక్కలు నేను దసరా సెలవుల్లోనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అందరూ అది అతని గొంతే అనుకుంటూ ఉంటే, అనుకోనిచ్చాను.

నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతాను. తెల్లారగానే మొదటి బ్యాచ్, ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళకి సాయంత్రం చివరి బ్యాచ్. పక్క గదిలో ఇంకో సార్ ఇంకో కోర్సు చెబుతూ ఉంటాడు, మధ్య గోడ ప్లైవుడ్‌ది. ఆయన కంటే గట్టిగా చెప్పకపోతే నా విద్యార్థులు ఆయన పాఠం నేర్చుకుని వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళ ఈ పోటీలో నా గొంతు బాగా గీరుకుపోయింది. సాయంత్రం మధురానగర్‌లో ఇంటికి వెళ్ళి ఏదైనా అడిగితే, మా ఆవిడ వంటింట్లోంచి, "మీరు మాట్లాడుతున్నారా, పక్కింట్లో మిక్సీ తిరుగుతోందా?" అంటుంది.

ఈ పాడైపోయిన గొంతుకి కూడా ఒక ఉపయోగం ఉందని తెలిసింది నా మిత్రుడి వల్లే. మా బిల్డింగ్ కిందనే అతని షాపు. కొత్త బ్యాచ్ మొదలయ్యే ప్రతిసారీ బ్యానర్ కోసం వెళ్ళేవాణ్ణి. ఒకరోజు అతని కంప్యూటర్లోంచి చిన్నగా హెవీ మెటల్ వినిపిస్తోంది. డ్రమ్స్ హోరు, పాటకి బదులు గర్జన, కాలేజీ హాస్టల్లో క్యాసెట్లు అరిగేదాకా విన్న సంగీతం అది. నాకు తెలియకుండానే బూటుతో నేల మీద తాళం వేస్తున్నాను. అతను మౌస్ వదిలేసి నా కాళ్ళ వైపు చూశాడు.

"సారూ, మీరు సుత ఇదే పార్టీనా?"

"పార్టీ ఏంటి, పాత కార్యకర్తని" అన్నాను.

ఆ రోజు నుంచి 'సారూ' పోయి 'అన్నా' అయ్యాను. వయసులో అతను నాకంటే చిన్నవాడైనా నేనూ అన్నా అనే పిలిచేవాణ్ణి. హైదరాబాద్‌లో ఆ మాటకి వయసుతో పనిలేదు.

అతను పంజగుట్టలో పుట్టి పెరిగిన క్రిస్టియన్. జుట్టు భుజాల దాకా ఉంటుంది. మీసాలు రాకముందు నుంచీ అక్కడ ఒక సందులోని చిన్న చర్చిలో ఆదివారం గిటారు వాయిస్తున్నాడు. తెల్ల గిటారు. ఆదివారం దాని మీద స్తుతి గీతాలు. మిగతా రోజుల్లో తీగలు వదులు చేసి, పెడల్ తొక్కి, అదే గిటారుతో షాపు షట్టర్ అదిరిపోయేలా మెటల్.

ఒకరోజు మెట్రో పిల్లర్ పక్కన టీ తాగుతూ, "మీ బైబిల్లో మెటల్‌కి పనికొచ్చే కథ ఏదైనా ఉందా?" అని అడిగాను.

"మస్తున్నయ్. వరదలు, అగ్గి, మిడతలు..."

"అవి అందరూ పాడేసి ఉంటారు. ఎవరూ ముట్టనిది చెప్పు."

అతను నవ్వాడు. "గాడిద కథ ఉంది. ఒక ప్రవక్త ఉంటడు. దేవుడు ఒప్పని తొవ్వల గాడిదెక్కి పోతుంటడు. నడుమల దేవదూత కత్తి దూసి నిలబడ్డడు. ప్రవక్తకు కనవడతలేడు, గాడిదకు కనవడ్డడు. గాడిద చేన్లకు దిగింది, కొట్టిండు. గోడకు ఒరిగింది, ఆయన కాలు నలిగింది, మల్ల కొట్టిండు. ఆఖరికి అది పోలేక కింద కూలవడ్డది, కట్టె తీస్కొని దంచిండు. అప్పుడు దేవుడు గాడిదకు మాట ఇచ్చిండు."

"మాట్లాడిందా? ఏమంది?"

"ఏమంటది పాపం. ఇన్నేండ్లు నిన్ను మోసిన, ఎన్నడన్న గిట్ల చేసిన్నా అని అడిగింది."

నా చేతిలో టీ చల్లారిపోయింది. మూడు దెబ్బలు, ప్రతి దెబ్బకీ డ్రమ్స్ విరుచుకుపడాలి. గాడిద కూలిపోయినప్పుడు సంగీతం మొత్తం ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దంలో గాడిద నోరు విప్పాలి. ఆ నోరు నాదే. దేవుడు నాకు ఇలాంటి గొంతు ఇచ్చింది ఇందుకేనని అక్కడే తీర్మానించేసుకున్నాను.

పాట నేనే రాశాను. పేచీ చివరి చరణం దగ్గర వచ్చింది. అందులో గాడిద ప్రవక్తని గుడ్డివాడా అని, దొంగవాడా అని తిట్టి, కింద పడేసి తొక్కుతుంది. అతను కాగితం చదివి గిటారు పక్కన పెట్టాడు.

"అన్నా, ఇది కథల లేదు. గాడిద తిట్టలే. అడిగింది. గంతే."

"మెటల్ అన్నాక కోపం ఉండాలి కదా."

"కోపం గిటార్ల ఉంది. మాటల ఎందుకు? మావోళ్ళు వింటే బాధపడ్తరు."

"మీవాళ్ళు ఎందుకు వింటారు? నువ్వు వాయించు అన్నా, మాటలు నాకు వదిలెయ్."

అతను గిటారు మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. తీగలు సరిచేసుకున్నాడు. అతను వద్దన్నాడన్న సంగతి అప్పట్లో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

దసరా సెలవుల్లో కోచింగ్ సెంటర్ ఖాళీ. తాళం నా దగ్గరే ఉంది. పెద్ద క్లాస్‌రూంలో, 'బగ్ లైఫ్ సైకిల్' అని నేను రాసిన వైట్‌బోర్డు కింద అతను గిటారుతో కూర్చున్నాడు. ల్యాప్‌టాప్‌లో డ్రమ్స్ పెట్టి, బోర్డు వైపు బిగించి ఉన్న క్లాసు కెమెరా వెనకాల నేను నిలబడ్డాను. కాలర్‌కి మైకు తగిలించుకున్నాను. తగిలించుకోగానే నా చెయ్యి వెళ్ళి రికార్డింగ్ బటన్ నొక్కింది. క్లాసులోకి వస్తే మైకు, మైకు పెడితే రికార్డింగ్. ఏళ్ళ తరబడి అలవాటు, నొక్కినట్టు నాకు గుర్తు కూడా లేదు. ఆ రికార్డింగ్ ముగియగానే దానంతట అదే నా బ్యాచ్ పిల్లలందరికీ వెళ్ళిపోతుంది. సెలవులైనా వెళ్ళిపోతుంది.

సాయంత్రానికి ఎవడో చివరి చరణం కత్తిరించి ఊరంతా పంచాడు. వీడియోలో నేను లేను, కెమెరా వెనక ఉన్నాను కదా. కనిపించేది ఒక్కడే. తల ఊపుతూ, జుట్టు మొహం మీద పడి, తెల్ల గిటారుతో నా మిత్రుడు. వినిపించేది గాడిద. మెటల్‌లో ఆ గర్జన మొదలుపెడితే మనిషి గొంతు ఆనవాలు దొరకదు. మా ఆవిడకి కూడా ఎవరో పంపించారు. విని, "ఎవరండీ ఈయన, పాపం? ఏమైంది ఈయనకి?" అంది. "ఏమో" అన్నాను.

మా కోచింగ్ సెంటర్ యజమాని పిలిపించాడు. "మన క్లాస్‌రూంలో దెయ్యం వదిలిస్తున్నారా అని తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారు. ఎవరండీ అతను?" అన్నాడు. నేను, "కింద ఫ్లెక్సీ షాపతను సార్. గిటారు వాయించడానికి నేనే తాళం తీశాను" అన్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఒక్క నిజమూ లేదు. టెస్టింగ్ చెప్పేవాణ్ణి, ఏ సంగతి బయటపడకుండా ఎలా మాట్లాడాలో నాకు బాగా తెలుసు.

వీడియో చర్చికి కూడా చేరింది. అక్కడివాళ్ళు పాస్టర్‌ని అయ్యగారు అంటారు. అయ్యగారు అతణ్ణి పిలిచి, ప్రవక్తని అలా తిట్టించడం పెద్దలకి కష్టంగా ఉందని, కొన్నాళ్ళు గిటారు పక్కన పెట్టమని నెమ్మదిగానే చెప్పారట. అతను, "గిటారు నాదే అయ్యగారు, తప్పు నాదే" అని వచ్చేశాడు. నా పేరు ఎత్తలేదు.

"నేను వచ్చి చెప్పనా?" అని షాపులో అడిగాను. అడిగిన తీరులోనే, వద్దనమని బతిమాలడం ఉంది.

"లైట్ తీస్కో అన్నా. నీ నౌకరి సంగతి చూస్కో" అన్నాడు. నేను లైట్ తీసుకున్నాను. ఎంత లైట్ అంటే, బ్యానర్లకి కూడా ఫోన్లోనే చెప్పడం మొదలుపెట్టాను.

డిసెంబర్ వచ్చింది. ఒక సాయంత్రం మెట్రో స్టేషన్ కింద కూరగాయల బండి దగ్గర వాళ్ళమ్మ కనిపించింది. షాపులో ఒకటి రెండుసార్లు చూసిన మనిషే.

"సారూ, మంచిగున్నవా బిడ్డా? నిన్నొకటి అడగాలె" అంది, టమాటాలు ఏరుతూనే. "మావోడు గిటారు బీరువా మీద పెట్టిండు. క్యారల్స్ వస్తున్నయ్. చిన్నప్పటి సంది వాడు లేకుండ మా చర్చోళ్ళు ఒక్క ఇంటికి పోలే. గీ యేడు రాను అంటుండు. మంచోడే గని, గట్ల ఎందుకు ఒర్రిండో నాకు సమజైతలేదు. నువ్వు సదువుకున్నోనివి, నీ మాట ఇంటడు. జర బుద్ధి చెప్పు బిడ్డా."

నేను తలూపాను. ఆమె నా సంచిలో నాలుగు టమాటాలు వేసింది. ఇంటికి వెళ్ళాక మా ఆవిడకి మొత్తం చెప్పేశాను. ఆమె ముందు నవ్వింది, నవ్వలేక కూర్చుండిపోయింది. తర్వాత, "ఆదివారం తొందరగా లేపుతాను" అంది.

ఆదివారం చర్చి బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. నా మిత్రుడు చివరి వరసలో ఉన్నాడు. "ఏందన్నా, తొవ్వ తప్పినవా?" అని గుసగుసగా అని, పక్కకి జరిగాడు. ముందు ఒక అమ్మాయి కీబోర్డు వాయిస్తోంది. అతని ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద ఆ పాట స్వరాలు నొక్కుతున్నాయి. అతనికి ఆ సంగతి తెలుస్తున్నట్టు లేదు.

అక్కడ ప్రార్థన మధ్యలో సాక్ష్యం చెప్పే సమయం ఉంటుంది. ఎవరైనా లేచి తమ బతుకులో జరిగింది చెప్పవచ్చు. అయ్యగారు, "ఇంకెవరైనా ఉన్నారా?" అనగానే లేచాను. అతను నా చొక్కా పట్టుకుని లాగాడు. "కూసో అన్నా, నీకు దండం పెడ్త." నేను ముందుకి నడిచాను.

మైకు చేతికి రాగానే నా నోట్లోంచి, "వెనకాల వాళ్ళకి వినబడుతోందా?" అని వచ్చింది. "వినవడుతుంది" అని ఆడవాళ్ళు కోరస్‌గా అన్నారు. జరిగిందంతా చెప్పాను. గొంతు నాదని, మాటలు నావని, చివరి చరణం వద్దని అతను ముందే చెప్పాడని, బటన్ నొక్కింది కూడా నేనేనని.

ముందు వరసలో చేతికర్ర పట్టుకున్న పెద్దాయన లేచాడు.

"అయ్యగారూ, గీ సారు దోస్తును కాపాడనీకె చెప్తుండు. టక్కు చేస్కొని, కళ్ళద్దాలు పెట్టుకొని, గీ మనిషి గట్ల ఒర్రుతడా? నేను నమ్మ."

నవ్వులు. అయ్యగారు నా వైపు చూశారు. "నిరూపిస్తాను" అన్నాను. ఆయన కంగారుగా, "ఇక్కడ కాదు బాబూ. ప్రార్థన అయ్యాక, బయట" అన్నారు.

ప్రార్థన అయ్యాక సందంతా నిండిపోయింది. పిల్లలు ముందుకి తోసుకొచ్చారు. ఆ పాట ముక్క మళ్ళీ నోటికి తెచ్చుకోవడం ఇష్టం లేదు. పొట్టలోంచి ఊపిరి లాగి, నాకు వచ్చినంత భయంకరంగా, "అందరికీ వందనాలు!" అన్నాను.

ఎదురింటి గోడ మీద పిల్లి దూకి పారిపోయింది. ఒక చంటిది ఏడుపు అందుకుంది. పెద్దాయన చేతికర్ర ఊపుతూ, "గీయనే! అయ్యగారూ, గీయనే!" అని అరిచాడు. సందు సందంతా ఒకటే నవ్వు. అయ్యగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, నా మిత్రుడి భుజం మీద చెయ్యి వేశారు.

"బుధవారం క్యారల్స్ ప్రాక్టీసు. గిటారు తెచ్చుకో" అన్నారు.

అతను తల వంచుకుని, "సరే అయ్యగారు" అన్నాడు. పక్కన వాళ్ళమ్మ కొంగు నోటికి పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో. ముందు ఆమె దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, బుద్ధి చెప్పాల్సింది మీ అబ్బాయికి కాదు, నాకు. ఇన్నాళ్ళూ అతణ్ణి మీ ముందు తలవంచుకునేలా చేశాను. తప్పయిపోయింది" అన్నాను. తర్వాత అతని వైపు తిరిగాను. పాఠాలు చెప్పే మనిషిని, ఎంతసేపైనా మాట్లాడగలను. కానీ నోటికి వచ్చింది కొంచెమే.

"నువ్వు వద్దన్నా వినలేదు. తర్వాత నీ వెనకాల దాక్కున్నాను. నన్ను క్షమించు అన్నా."