హార్స్లీ హిల్స్ మీద అవ్వ తలగడ

మా చిన్నప్పుడు... తొంభైల్లో... హార్స్లీ హిల్స్ మీద పొగమంచులో మా చెంగప్ప మామ ఒక రేకుల గదిని జీపుకు తగిలించి ముందుకూ వెనక్కూ లాగుతున్నాడు. గదికి రెండే చక్రాలు. లోపల ఒక మంచం, ఒక చిన్న కిటికీ. మామకు మదనపల్లెలో వెల్డింగ్ షాపు ఉండేది. గదిని ఆయనే చేశాడు.

మా అవ్వ కోసం చేశాడు. పుంగనూరులో ఉండే అవ్వకు ఆయాసం. ఎండాకాలం వస్తే రాత్రిళ్లు కూర్చునే తెల్లవార్చేది. చల్లగాలిలో నాలుగు రోజులు ఉంటే నయమని డాక్టరు అన్నాడు. గెస్ట్‌హౌస్‌కు అవ్వ ఒప్పుకోలేదు.

"ఎవురెవురో పండుకున్న మంచం మింద నేను పండుకోను" అంది.

అందుకని మామ అవ్వ మంచాన్నే చక్రాల మీదికి ఎక్కించాడు. అవ్వ ఒక షరతు పెట్టింది... నచ్చకపోతే ఆ సాయంత్రమే ఇంటికి తీసుకుపోవాలి.

దారిలో ఎవరో ఆపి, "ఏమప్పా చెంగప్పా, కోళ్లగూడు ఎత్తుకొని యాడికి పోతాండావు?" అన్నారు. "మా యమ్మను సంతకు తోల్కపోతాండా" అన్నాడు మామ. ముందు సీట్లో కూర్చున్న అవ్వ కూడా నవ్వింది.

కొండ మీద మాకు చదునైన నేల దొరకలేదు. మామ పల్లం వైపు చక్రానికి ఎదురుగా ఒక చప్టా రాయి వేసి, జీపుతో లాగి చక్రాన్ని దాని మీదికి ఎక్కించాడు. చక్రాలకు ముందూ వెనకా అడ్డరాళ్లు పెట్టాడు. జీపు విప్పి, తలగడ వైపున్న కొక్కెం కింద జాకీ నిలబెట్టాడు. మట్టం చూడటానికి గదిలో ఒక కంచం పెట్టి నీళ్లు పోశారు. అమ్మ కంచం దగ్గర, మామ జాకీ దగ్గర.

"పైకెత్తు... ఇంకొంచెం... అయ్యో, దించు!"

"ఎత్తమంటావు, దించమంటావు... ఏందక్కా నీ బాధ?"

"నన్నేమంటావురా? నీళ్లు నా మాట ఇంటాండాయా?"

చివరికి నీళ్లు సమంగా నిలిచాయి. అప్పుడు మామ జాకీని ఇంకొంచెం పైకి తిప్పాడు. సమం చేయడానికే కదా ఇంతసేపు పట్టింది... మళ్లీ ఎందుకు చెడగొడుతున్నాడో నాకు అర్థం కాలేదు.

"సమంగా పండుకుంటే అవ్వకు ఆయాసం వస్తాది. తలకాడ రవ్వంత ఎత్తుండల్ల" అంది అమ్మ.

నాలుగు మూలలా రాళ్లూ చెక్కముక్కలూ దూర్చి బిగించారు. నన్ను మంచం మీద పడుకోబెట్టి "ఊగుతాందా?" అని అడిగారు. గది ఊగుతోందో, ఘాట్ రోడ్డు మలుపులకు నా తలే తిరుగుతోందో తెలియలేదు. ఊగుతోందన్నాను. ఇంకో చెక్క దూర్చారు.

అవ్వ లోపలికి ఎక్కి తలగడ వైపు చూసింది.

"ఇది ఏ దిక్కు?" అంది.

ఉత్తరానికి తల పెడితే ఆయుష్షు తగ్గుతుందని మా ఇళ్లలో నమ్మకం. ఆయాసంతో ఉన్న మనిషి ఆ మాటను తేలిగ్గా తీసుకోదు.

మామ దక్షిణం అన్నాడు. అమ్మ తూర్పు అంది. సూర్యుడు కనబడటం లేదు. పక్కనున్న టీ కొట్టాయన చేతిలోని గ్లాసు ఊపుతూ, "అది ఉత్తరమే గదప్పా! పుట్టి బుద్ధెరిగి ఈడనే ఉండాను, నాకు తెలీదా?" అన్నాడు.

"మరి మేం ఎక్కొచ్చిన దారి ఏ దిక్కు?" అన్నాడు మామ.

"దారికేం... అది తిరుగుతానే ఉంటాది."

అవ్వ గది దిగేసింది. "సెంగా, నన్ను ఇంటికి తోల్కపో."

"తలగడ అటు మారిస్తే పోలా?" అన్నాను నేను.

"ఆ కొసన వాకిలి ఉండాది. చలిగాలంతా తలకే కొడతాది" అంది అమ్మ.

మామ మూలల చెక్కలు ఊడదీశాడు. జీపు తగిలించి, గదిని బయటికి లాగి, తల వైపు కాళ్ల వైపుకు వచ్చేలా తిప్పి తెచ్చాడు. చప్టా రాయి ఉన్నచోటే ఉంది. ఈసారి దాని మీదికి రెండో చక్రం ఎక్కింది. అది ఎట్లా జరిగిందో నాకు అంతుపట్టలేదు... మళ్లీ కంచం, నీళ్లు, ఎత్తు, దించు.

చీకటి పడేలోగా ముగిసింది. అవ్వ పడుకుంది.

పొద్దున్నే మంచు విడిచింది. బడిలో నేర్పినట్టు సూర్యుడికి ఎదురుగా నిలబడ్డాను. ఎడమ చేతి వైపు ఉత్తరం. నా ఎడమ చెయ్యి నేరుగా అవ్వ తలగడను చూపిస్తోంది. తప్పు చేశానేమోనని మళ్లీ నిలబడ్డాను... అదే.

పక్కన మామ నోట్లో వేప్పుల్లతో కదలకుండా నిలబడి సూర్యుణ్ణి చూస్తున్నాడు. టీ కొట్టాయన కూడా పాలగిన్నె వదిలేసి అటే చూస్తున్నాడు.

అవ్వ దిగి వచ్చింది. "సూసినావా సెంగా, దిక్కు సరిగ్గా ఉంటే నిద్దర ఎట్ల పడతాదో! రాత్రంతా ఒక్కతూరి కూడా ల్యాసి కూసోలేదు."

నేను నోరు తెరిచాను. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"అవున్మా" అన్నాడు మామ.

"అవునవ్వా" అన్నాడు టీ కొట్టాయన.

"అయితే యాల తొందర? ఇంకో రెండు దినాలు ఉండి పోదాం" అంది అవ్వ.

మామ మూలల్లోని చెక్కలను కాలితో తన్ని, గట్టిగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. గదిని మాత్రం తిప్పలేదు.

అవ్వకు ఆ రాత్రి నిద్ర పట్టింది చల్లగాలి వల్లో, తలకాడ ఎత్తు వల్లో, దక్షిణం అనుకున్నందువల్లో... నాకు ఈరోజుకీ తెలియదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరైనా ఒక మాట అంటే చాలు, పక్కవాళ్లు ఫోన్ తీసి అది తప్పో ఒప్పో అక్కడే తేల్చేస్తున్నారు. దిక్కు తప్పడం లేదు... రాత్రి నిద్ర పట్టిందా అని అడిగేవాళ్లే తగ్గిపోయారు.

మీ ఇంట్లోనూ అందరూ కలిసి "అవునవ్వా" అన్న సంగతి ఏదైనా ఉందా... ఉంటే కింద రాయండి, చదువుతాను.