తిథి లేని ఉత్తరం

నా చిన్నప్పుడు, మావాళ్లు ఓడల్లో కూలికి వచ్చిన ఈ దీవిలో, వునిమోలి చెరకుతోట కూలీలుండే లైన్లలో ఎవరికైనా ఉత్తరం వచ్చిందంటే సంబరంకన్నా ముందు అనుమానం పుట్టేది. ఉత్తరాలన్నీ కూలీల మీద పెత్తనం చేసే సర్దారు చేతుల మీదుగా రావాలి. విప్పి చూశాడో, సగం దాచుకున్నాడో ఎవరికి తెలుసు? మా అమ్మయితే ఉప్పు పొట్లం కట్టిన కాగితాన్ని కూడా అటూ ఇటూ తిప్పి చూసేది. నాకూ ఆ బుద్ధే వచ్చింది.

మా లైనులో తెలుగు చదవగలిగినవాడు ఒక్క తాతయ్యే. సొంత తాతయ్య కాడు, మా నాన్నతో ఒకే ఓడలో వచ్చిన పెద్దాయన. సాయంత్రాలు పలక మీద అక్షరాలు రాసి నాచేత దిద్దించేవాడు. ఆయనకో చాదస్తం ఉండేది. ఏదో కథ చెప్పి, అందులో మనిషి మంచివాడా చెడ్డవాడా అని అడిగేవాడు. చెడ్డవాడంటే ఊరుకునేవాడు కాదు. "ఏ మాటలో ఉందమ్మడూ? వేలెట్టి చూపించు. ఆ మాటని బట్టి అలా ఎందుకనుకోవాలో కూడా చెప్పు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

పక్కగది అత్తకి కూలికొచ్చి పదేళ్లు నిండి, తిరిగి సొంత దేశం వెళ్లే ఓడ ఎక్కే వంతు వచ్చింది. అక్కడ ఆమెకున్నది తల్లి ఒక్కతే. ఆ తల్లిని చూడాలన్న ఆశతోనే అన్నేళ్లూ నెట్టుకొచ్చింది. అంత చురుగ్గా పనిచేసే మనిషిని వదులుకోవడం సర్దారుకి ఇష్టం లేదు. సరిగ్గా అప్పుడే ఆయన ఒక ఉత్తరం తెచ్చాడు. కవరు తడిసి చిరిగిపోయిందట. సర్దారు గుమ్మంలో నిలబడి ఉండగా తాతయ్య తలెత్తకుండా చదివాడు. అత్త తల్లి పోయిందనీ, ఇంక రావద్దనీ అందులో ఉంది. అత్త ఏడ్చి ఏడ్చి, ఇక్కడే ఉండిపోతానని మర్నాడు వేలిముద్ర వేసేస్తానంది.

సర్దారు అటు వెళ్లాడో లేదో, "దొంగ ఉత్తరం! సర్దారు దొంగ!" అని అరిచాను. అమ్మ నా నోరు నొక్కింది. తాతయ్య మాత్రం ఉత్తరం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"సర్దారు సంగతి కాదు. ఉత్తరంలో చూపించు."

కూడబలుక్కుంటూ చదివాను. జబ్బు సంగతి ఉంది. రావద్దన్న మాట రెండుసార్లు ఉంది. మూడోసారి చదువుతుంటే, అందులో లేనిదేమిటో తెలిసింది. ఏ తిథిన పోయిందో రాయలేదు.

"లేకపోతే ఏం?" అన్నాడు తాతయ్య, వదలకుండా.

తడుముకుంటూ చెప్పాను. చావు కబురు రాసేవాళ్లు ముందు తిథి రాస్తారు. ఏడాదికోసారి తల్లిని తలుచుకుని పిడికెడు అన్నం పెట్టాలన్నా కూతురికి తిథి కావాలి. రావద్దని రెండుసార్లు రాసి తిథి రాయలేదంటే, వాళ్లకి కావలసింది కబురు చెప్పడం కాదు, అత్తని ఆపడం.

అత్త ఏడుపు ఆపేసింది. "అవునే! మావోళ్లు గొడ్డు చచ్చినా తిథి చెప్తారు" అంది. మర్నాడు ఆమె వేలిముద్ర వెయ్యలేదు.

కానీ ఉత్తరం చదివిన సాయంత్రం నా అనుమానం అక్కడితో ఆగలేదు. అక్షరాల చివర కొక్కెంలా ఒక వంపు ఉంది. అది నేను రోజూ పలక మీద దిద్దే వంపే. అందరూ వెళ్లాక తాతయ్య ముందు కూర్చుని, దాని మీద వేలు పెట్టి చూపించాను.

ఆయన ముఖం పాలిపోయింది. "సర్దారు బెత్తం పట్టుకుని పక్కనే కూర్చున్నాడమ్మడూ, రాసేశాను. ఆడికి తెలుగు రాదు, తిథి సంగతీ తెలీదు. బతికున్న తల్లికి చావు తిథి రాయడానికి మాత్రం నాకు చెయ్యాడలేదు" అన్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఓడెక్కి వెళ్లిన కొన్ని నెలలకి అత్త దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తల్లి గుమ్మంలోనే కూర్చుని ఉందట. తాతయ్య ఆ ఉత్తరం తను ముట్టుకోకుండా నాచేతే చదివించుకున్నాడు.

ఇప్పుడు మా మనవరాలు హైస్కూల్లో ఇంగ్లీషు కథల మీద వ్యాసాలు రాస్తోంది. నాకు ఇంగ్లీషు రాదు. అయినా ప్రతి వ్యాసానికీ ఏ మాటలో ఉందో చూపించమంటాను. "మా టీచరూ అచ్చం ఇదే అడుగుతుంది ఆజీ" అని విసుక్కుంటుంది.

తాతయ్య ఆ తిథి భయపడి వదిలేశాడా, నేను పట్టుకుంటానని వదిలేశాడా? రెండోదే నిజమని నమ్మాలని ఉంది. కానీ వేలు పెట్టి చూపించడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు.